చెవి ఆపరేషనుకు ఇంకా కోఠీ దారేనా?

మహబూబ్‌నగర్‌ : పాలమూరు పల్లెల్లో చెవి కారే పిల్లవాడిని పెద్ద డాక్టరుకు చూపించాలంటే ఏళ్ళ తరబడి ఒకటే దారి. గద్వాల వైపు వారు కాచిగూడ రైలెక్కుతారు. నారాయణపేట, నాగర్‌కర్నూలు వైపు వారు హైదరాబాద్‌ బస్సెక్కి ఎం.జి.బి.ఎస్‌.లో దిగుతారు. అక్కడినుంచి కోఠీ ఇ.ఎన్‌.టి. ఆసుపత్రికి ఎలా పోవాలో చెప్పేవారు ప్రతి ఊళ్ళో ఒకరిద్దరు ఉండనే ఉంటారు. వారు ముందే పోయివచ్చినవారు.

ఇప్పుడు కాగితం మీద పరిస్థితి చాలా మారింది. మహబూబ్‌నగర్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల 2016లో ప్రారంభమైంది. 2022లో వనపర్తికి, నాగర్‌కర్నూలుకు, 2024లో గద్వాలకు, నారాయణపేటకు కళాశాలలు వచ్చాయి. వైద్య కళాశాల అన్న తరువాత ముక్కు, చెవి, గొంతు విభాగం ఉండక తప్పదు. ఒకనాడు ఒకే జిల్లాగా ఉన్న ప్రాంతంలో ఇవాళ ఐదు చోట్ల ఆ విభాగం బోర్డు కనిపించవలసి ఉన్నది. మరి రోగి రైలెక్కడం మానుతాడా అన్నది ప్రశ్న. బోర్డు కట్టడానికి ఒక పూట చాలు. చెవి లోపల ఎముక తొలిచే డాక్టరు తయారు కావడానికి పదేళ్ళ పైనే పడుతుంది.

చెవి కారడం చిన్న జబ్బా?

మన పల్లెల్లో చెవి కారడాన్ని జబ్బుగా లెక్క కట్టేవారు తక్కువ. పిల్లవాడికి జలుబు చేసింది, చెవిపోటు వచ్చింది, రెండు రోజులకు చీము కారి నొప్పి తగ్గింది, ఇక బాగైపోయిందనుకుంటారు. నొప్పి తగ్గింది కర్ణభేరికి చిల్లి పడినందువల్లనని ఎవరికీ తెలియదు. ఆ తరువాత వెల్లుల్లి వేసి కాచిన నూనె, ఆకుపసరు, అగ్గిపుల్ల, పిన్నీసు, ఆర్‌.ఎం.పి. ఇచ్చే చుక్కల మందు వరసగా చెవిలోకి పోతాయి. వానాకాలంలో అదే చెవిలో బూజు పడుతుంది. నూనె పోసే అలవాటు దానికి తోడు.

వైద్యులు ఈ చెవులను రెండు రకాలుగా చూస్తారు. ఒక రకంలో కర్ణభేరి నడుమ చిల్లి ఉంటుంది. వినికిడి తగ్గుతుంది, జలుబు చేసినప్పుడల్లా చీము వస్తుంది గాని ప్రాణానికి ముప్పు సాధారణంగా ఉండదు. రెండో రకం ప్రమాదకరమైనది. చెవి బయటి చర్మం లాంటి పొర లోపలికి చేరి పొరలు పొరలుగా పెరుగుతూ, చుట్టూ ఉన్న ఎముకను తినివేస్తుంది. దానికి కొలెస్టియటోమా అని పేరు. చీము కొద్దిగానే కారుతుంది, వాసన మాత్రం పక్కన కూర్చున్నవారు భరించలేరు. ఆ పొర ముఖాన్ని కదిలించే నరం దాకా పోతే మూతి వంకర పోతుంది. పైన మెదడుకు, చెవికి మధ్య ఉన్న పల్చటి ఎముక పలకను తింటే మెదడువాపు, మెదడులో చీముగడ్డ. చెవికని వచ్చిన రోగి మెదడు జబ్బుతో పోయిన సందర్భాలు వైద్య గ్రంథాల నిండా ఉన్నాయి.

ఈ రెండింటి తేడా కనిపెట్టడానికి మొదట కావలసింది చెవిలోకి చూసే చిన్న దీపపు పరికరం, ఆటోస్కోపు. దాని వెల ఎక్కువేమీ కాదు. చూసింది అర్థం చేసుకునే కన్ను ఉండాలి, అంతే. 2006-07లో 25 జిల్లాలలో ప్రయోగాత్మకంగా మొదలై తరువాత విస్తరించిన జాతీయ బధిరత్వ నివారణ కార్యక్రమం ఉద్దేశాలలో ఇది ఒకటి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకు చెవి చూడడంలో శిక్షణ ఇవ్వాలన్నారు, పరికరాలు ఇవ్వాలన్నారు. ఇప్పటికీ ఎం.బి.బి.ఎస్‌. పూర్తి చేసిన హౌస్‌ సర్జను ఇ.ఎన్‌.టి. విభాగంలో గడిపేది రెండు వారాలు. ఆ రెండు వారాల్లో ఒక సెలవు, ఒక పండుగ పోతే చూసే చెవులెన్ని ఉంటాయో ఊహించవచ్చు. అతడే రేపు మండల కేంద్రంలో ఏకైక డాక్టరు. చెవిలో ఉన్నది మామూలు చిల్లియా, ప్రాణం తీసే పొరా అని తేల్చవలసిందీ అతడే.

గోరంత చోటులో పని

అసలు చిక్కు ఆపరేషను దగ్గర. కర్ణభేరి నిలువు కొలత ఒక సెంటీమీటరుకు మించదు, మందం మిల్లీమీటరులో పదో వంతు. దాని వెనుక వరసగా ఉన్న మూడు ఎముకలలో చివరిది, గుర్రపు జీను రికాబు ఆకారంలో ఉండేది, మూడు మిల్లీమీటర్ల పొడవు. మనిషి ఒంట్లో అంతకన్న చిన్న ఎముక లేదు. దాని పక్కనే సన్నని ఎముక గొట్టంలో ముఖపు నరం పోతుంది. పైన మెదడు పొర, వెనుక మెదడునుంచి రక్తం దింపే పెద్ద సిర. ఇంత ఇరుకులో డ్రిల్లు నడపాలి. పొరపాటున మిల్లీమీటరు పక్కకు జరిగితే ఆ మనిషి ముఖం జన్మంతా వంకరగానే ఉండిపోవచ్చు.

ఒకప్పుడు ఈ ఎముకను ఉలి, సుత్తి పట్టుకుని చెక్కేవారు. ప్రాణం దక్కితే చాలు, వినికిడి సంగతి అడిగేవారు లేరు. 1953లో జైస్‌ కంపెనీ శస్త్రచికిత్సకు పనికివచ్చే మైక్రోస్కోపును తయారు చేయడం, జర్మనీలోనే వుల్‌స్టైన్‌, జోల్నర్‌ అనే వైద్యులు కర్ణభేరిని తిరిగి కట్టే పద్ధతికి రూపమివ్వడం దాదాపు ఒకే కాలంలో జరిగాయి. అప్పటినుంచి చెవి ఆపరేషను లక్ష్యం మారిపోయింది. చీము ఆపడంతో బాటు వినికిడి తిరిగి తేవాలన్నారు. చెవి పైన కణత కండరాన్ని కప్పివుండే పల్చటి పొరను తీసి చిల్లికి మాసిక వేస్తారు. రోగికి మత్తు ఇవ్వకుండా ఆ చోటు మాత్రమే మొద్దుబారేలా ఇంజెక్షను ఇచ్చి కూడా చాలాచోట్ల చేస్తున్నారు.

చెప్పడం తేలిక. ఈ పని పుస్తకం చదివి వచ్చేది కాదు, గురువు పక్కన నిలబడి చూస్తే పూర్తిగా వచ్చేదీ కాదు. మైక్రోస్కోపులో గురువుకు కనిపించేది శిష్యుడికి పక్క గొట్టంలో కనిపిస్తుంది, లేదా ఇప్పుడు టి.వి. తెర మీద కనిపిస్తుంది. అయితే చేతికి తెలియదు. డ్రిల్లు మెత్తటి ఎముకలో ఉన్నదా, నరం మీది గట్టి ఎముకకు చేరిందా అన్నది శబ్దాన్ని బట్టి, వేలికొసన తగిలే అదురును బట్టి తెలుసుకోవాలి. అందుకే బతికి ఉన్న మనిషి మీద చేయి వేయకముందే మృతదేహం నుంచి తీసిన కణత ఎముకల మీద సాధన చేయాలని ప్రపంచమంతటా నియమం పెట్టుకున్నారు. మన ఎం.ఎస్‌. పాఠ్యప్రణాళికలోనూ అది ఉన్నది.

ఆ ఎముకలు ఎక్కడివి? ఇక్కడ వ్యవహారం చప్పగా, దఫ్తరు పద్ధతిలో నడుస్తుంది. దిక్కులేని శవాలు అనాటమీ చట్టం కింద కళాశాలకు వస్తాయి. వాటిని మొదటి సంవత్సరం విద్యార్థుల కోసం అనాటమీ శాఖ భద్రపరుస్తుంది. ఆ తల నుంచి ఎముక తీసుకోవాలంటే ఇ.ఎన్‌.టి. శాఖ వారిని అడగాలి. వచ్చిన శవాలే తక్కువైతే అడిగేదేమున్నది? దేహదానం పట్ల జనంలో చైతన్యం పెరుగుతున్నది నిజమే గాని, కొత్తగా వచ్చిన కళాశాలలన్నీ ఒకేసారి చేతులు చాచే రోజులివి. సాధన బల్ల, డ్రిల్లు, నీళ్ళ గొట్టం, పీల్చే యంత్రం, పాతదైనా ఒక మైక్రోస్కోపు, నెలకు రెండు ఎముకలు ఉంటే ప్రయోగశాల నడుస్తుంది. ఇది కోట్ల ఖర్చు వ్యవహారం కాదు. అయినా కొత్త భవనానికి దొరికినంత సులువుగా దీనికి బడ్జెటు దొరకదు. రిబ్బను కత్తిరించడానికి వీలైన వస్తువు కాదు గదా.

ప్లాస్టిక్కుతో పోసిన ఎముకలు, కంప్యూటరు అచ్చు ఎముకలు ఇప్పుడు వస్తున్నాయి. దారి గుర్తు పెట్టుకోవడానికి అవి బాగానే పనికివస్తాయి. డ్రిల్లు తగిలితే అసలు ఎముక పలికినట్టు మాత్రం పలకవు. కొన్ని శిక్షణ శిబిరాలలో గొర్రె తలలు, మేక తలలు తెచ్చి ముక్కు లోపలి ఆపరేషనులు, కర్ణభేరి మాసికలు నేర్పుతున్నారు. వారం వారం గొర్రెల సంత జరిగే పాలమూరులో ఆ తలకాయలకు కొరత రాదు. ఈ మాట కొందరికి నవ్వులాటగా తోచవచ్చు. మొదటి పొరపాటు గొర్రె తల మీద జరగడమే రోగికి మేలు.

ఎండోస్కోపు వాదం

జిల్లా ఆసుపత్రులకు సంబంధించి వైద్యుల్లో ఒక చర్చ నడుస్తున్నది. మైక్రోస్కోపు ఖరీదైనది, బరువైనది, ఒక బల్బు పోతే వారాల తరబడి మూలపడుతుంది. ముక్కు ఆపరేషనులకు వాడే సన్నని గొట్టం, ఎండోస్కోపు, కెమెరా ఇప్పుడు చాలా చోట్ల ఉన్నాయి. ఆ గొట్టాన్నే చెవిలోకి పోనిచ్చి కర్ణభేరికి మాసిక వేసే పద్ధతి 1990 దశకం నుంచి పెరుగుతూ వచ్చింది. చెవి వెనుక కోత అవసరం తగ్గుతుంది, మూలల్లో దాగిన జబ్బు కనిపిస్తుంది. పైగా తెర మీద గురువు చూసేదే విద్యార్థులంతా చూస్తారు.

కాదనేవారి వాదన కూడా కొట్టిపారేయదగినది కాదు. ఎండోస్కోపు పట్టుకోవడానికి ఒక చేయి పోతుంది. రక్తం వస్తే పీల్చే గొట్టం పట్టుకోవాలి, పొర సర్దాలి, ఉన్నది ఒక్క చేయి. మాస్టాయిడు ఎముక తొలవవలసిన రోగికి మైక్రోస్కోపు తప్పదు. రెండు వాదాలూ విన్న తరువాత తోచేదేమంటే, జిల్లా కేంద్రానికి ఎక్కువగా వచ్చేది మామూలు చిల్లులే. వాటికి ఎండోస్కోపు సరిపోతుంది. ఎముక తినే జబ్బును సకాలంలో గుర్తించి మైక్రోస్కోపు, అనుభవం రెండూ ఉన్నచోటికి పంపగలిగితే చాలు. అలా పంచుకుంటే కోఠీ మీద భారమూ తగ్గుతుంది. సైన్యంలోనో, పోలీసు శాఖలోనో చేరదలచి, వైద్య పరీక్షలో చెవి చిల్లి బయటపడి తిరిగివచ్చే కుర్రవాళ్ళు మాసిక కోసం రాజధాని దాకా పోనక్కరలేదు.

పల్లీ గింజ

చెవి జబ్బు వారాలు ఆగుతుంది. ఆగనిది గొంతు. వనపర్తి, నాగర్‌కర్నూలు, గద్వాల ప్రాంతాల్లో యాసంగిలో ఎటు చూసినా పల్లి. ఇంటి నిండా పల్లికాయలున్నచోట పాకే పిల్లలు, ఏడాది రెండేళ్ళ పిల్లలు గింజ నోట్లో వేసుకుంటారు. దవడ పళ్ళు రాలేదు గనుక నమలలేరు. నవ్వినప్పుడో, ఏడ్చినప్పుడో అది ఊపిరి గొట్టంలోకి జారుతుంది. పసిపిల్లల ఊపిరి గొట్టాల్లో నుంచి తీసే వస్తువులలో పల్లీ గింజదే పెద్దపీట అని ఏ దేశపు వైద్యులైనా చెబుతారు. గింజ లోపలి తడికి ఉబ్బుతుంది, దాని నూనెకు గొట్టం వాస్తుంది. దగ్గు వచ్చి ఆగిపోతే తల్లి తేలికపడుతుంది. నాలుగు రోజులకు జ్వరం, పిల్లికూతలు. న్యుమోనియా అని మందులు నడుస్తాయి.

దానిని తీసే పద్ధతి కొత్తదేమీ కాదు. జర్మనీ వైద్యుడు గుస్టావ్‌ కిలియన్‌ 1897లో లోహపు గొట్టం గుండా చూసి ఒక మనిషి ఊపిరి గొట్టంలోని ఎముక ముక్కను తీశాడు. ఇవాళ కూడా పసిపిల్లలకు ఎక్కువగా వాడేది అటువంటి గట్టి గొట్టమే. డాక్టరు గొట్టం దించుతున్నప్పుడు అదే దారిలో మత్తు డాక్టరు పిల్లకు ఊపిరి అందించాలి. ఇద్దరూ కలిసి సాధన చేసినవారు కావాలి. పసిపిల్లల కొలత గొట్టాలు, పట్టకార్లు సిద్ధంగా ఉండాలి. గద్వాల నుంచి హైదరాబాదు రెండు వందల కిలోమీటర్లకు కాస్త తక్కువ. గింజ అటూ ఇటూ కదిలి రెండు ఊపిరితిత్తుల దారినీ మూసేస్తే అంత దూరం ప్రయాణానికి వ్యవధి ఎక్కడిది? రిమోట్లలో, ఆటబొమ్మలలో ఉండే బిళ్ళ బ్యాటరీ మింగి అది అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటలలోనే కండ కాలడం మొదలవుతుంది. అర్ధరాత్రి వచ్చినా ఈ పని చేయగల బృందం ఐదు కళాశాలల్లో కనీసం ఒకచోట ఉండాలని కోరడం అత్యాశ కాదు.

2021 పాఠం

ముక్కు, గొంతు డాక్టర్లంటే జలుబు, టాన్సిల్సు చూసేవారన్న అభిప్రాయం 2021 వేసవిలో తుడిచిపెట్టుకుపోయింది. కోవిడ్‌ రెండో ఉధృతి వెంట మ్యూకర్‌మైకోసిస్‌, జనం నోట బ్లాక్‌ ఫంగస్‌, విరుచుకుపడింది. షుగరు జబ్బు అదుపులో లేనివారికి, స్టెరాయిడ్లు ఎక్కువగా వాడినవారికి ముక్కులో మొదలై సైనసులు, కన్ను, మెదడు వరకు పాకింది. ఆ ఏడాది జూలై నాటికి దేశంలో 45 వేలకు పైగా కేసులు, 4,300కు పైగా మరణాలు నమోదైనట్టు కేంద్రం పార్లమెంటులో వెల్లడించింది. తెలంగాణలో కోఠీ ఇ.ఎన్‌.టి. ఆసుపత్రిని ఈ రోగులకు ప్రధాన కేంద్రంగా ప్రకటించారు. ఆంఫోటెరిసిన్‌ ఇంజెక్షను కోసం బంధువులు ఊరూరా తిరిగారు. అయితే మందు ఒక్కటే చాలలేదు. కుళ్ళిన భాగాన్ని ఎండోస్కోపుతో తవ్వి తీయవలసి వచ్చింది. అదీ ఒక్కసారి కాదు, కొందరికి రెండు మూడుసార్లు. ఆ చేయి తిరిగినవారు రాష్ట్రంలో ఎక్కడెక్కడ ఎందరున్నారన్న లెక్క అప్పుడు గాని ఎవరికీ పట్టలేదు.

డాక్టర్లు ఎలా వస్తారు?

గతంలో ఈ శాస్త్రంలో రెండేళ్ళ డి.ఎల్‌.ఓ. డిప్లొమా ఉండేది. అది చదివినవారే చిన్న పట్టణాలలో ఎక్కువగా స్థిరపడ్డారు. కళాశాలల్లోని ఆ సీట్లను ఇటీవలి సంవత్సరాలలో చాలావరకు మూడేళ్ళ ఎం.ఎస్‌.గా మార్చారు. చదువు లోతు పెరిగింది, సందేహం లేదు. ఎం.ఎస్‌. చేసినవాడు పట్టణానికి వస్తాడా అన్నదే అనుమానం. జాతీయ పరీక్షల బోర్డు 2020లో ఆసుపత్రులలోనే నడిచే రెండేళ్ళ డిప్లొమాలను మళ్ళీ ప్రవేశపెట్టింది. ఇ.ఎన్‌.టి. అందులో ఉన్నది. జిల్లా స్థాయి పెద్ద ఆసుపత్రులకు ఇది పనికివచ్చే మార్గం.

మరొక అవకాశం జిల్లా రెసిడెన్సీ. 2021 బ్యాచి నుంచి పి.జి. విద్యార్థులందరూ మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో పనిచేయాలని జాతీయ నిబంధన. హైదరాబాదులో ఎం.ఎస్‌. చదివే విద్యార్థి ఇక్కడికి వస్తే అతడిని ఏం చేయనిస్తున్నారన్నది చూడాలి. అవుట్‌ పేషెంటు చీట్లు రాయించి పంపితే అతడికి మూడు నెలలు వృథా, ఆసుపత్రికి గుమాస్తా పని తప్పినట్టు. పక్కన సీనియరు నిలబడి టాన్సిలు, ముక్కు దూలం, కర్ణభేరి ఆపరేషనులు చేయిస్తే మాత్రం అతడికీ చేయి తిరుగుతుంది, వరుసలో నిలబడ్డ రోగికీ కబురు అందుతుంది. పెద్ద ఆసుపత్రులలో ఒక ఆపరేషను బల్ల చుట్టూ పి.జి.లు గుంపుగా నిలబడతారు. జిల్లాలో అతడొక్కడే ఉంటాడు. నేర్చుకోవడానికి అంతకంటే మంచిచోటు లేదు. నేర్పేవాడు ఉండాలి, అంతే.

వినని పిల్లలు

పుట్టుచెవుడు విషయంలో డాక్టరు ఒక్కడే చాలడు. మేనరికాలు ఉన్న కుటుంబాలలో ఈ సమస్య ఎక్కువ. నెలలోపు పరీక్ష, మూడు నెలలలోపు నిర్ధారణ, ఆరు నెలలలోపు చికిత్స మొదలు కావాలని నిపుణుల లెక్క. మన దగ్గర బిడ్డకు రెండేళ్ళు నిండినా మాటలు రాకపోతే 'వాళ్ళ నాన్నకూ ఆలస్యంగానే వచ్చాయి' అంటారు. 2013లో వచ్చిన బాలల ఆరోగ్య కార్యక్రమం కింద పిల్లలను పరీక్షించే బృందాలు ఉన్నాయి. లక్షల ఖర్చయ్యే కాక్లియర్‌ ఇంప్లాంటు ఆపరేషను ఆరోగ్యశ్రీలో ఉన్నది, కేంద్ర పథకంలోనూ ఉన్నది. యంత్రం పెట్టినంత మాత్రాన బిడ్డకు మాటలు రావు. శబ్దమంటే ఏమిటో, అందులో మాట ఏదో నేర్పడానికి ఏడాదికి తక్కువ కాకుండా వారం వారం శిక్షణ కావాలి. నేర్పవలసినవారు ఆడియాలజిస్టులు, స్పీచ్‌ థెరపిస్టులు. అలీ యావర్‌ జంగ్‌ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాదులో ఉన్నది. అక్కడ చదివినవారు మక్తల్‌కో, అచ్చంపేటకో వచ్చి కూర్చునే ఏర్పాటు కావాలి. లేకపోతే కూలి పని వదులుకుని తల్లి వారానికోసారి హైదరాబాదు పోవాలి. నెల రోజులు పోతుంది, రెండు నెలలు పోతుంది. ఆ తరువాత యంత్రం పెట్టెలోకి చేరుతుంది.

చెవి ఆపరేషను చేయించుకున్న పెద్దవారిదీ ఇదే కథ. కుట్లు విప్పడానికి, చెవిలోని పట్టీ తీయడానికి, మాసిక అంటుకున్నదో లేదో చూడడానికి మళ్ళీ మళ్ళీ రావాలి. చెవిలో నీళ్ళు పడరాదు. పనికోసం పుణె, ముంబయి వలసపోయే కుటుంబానికి ఈ షరతులు పాటించడం కష్టం. అందుకే పంట చేతికొచ్చి, బడులకు సెలవులిచ్చి, చెవి పొడిగా ఉండే వేసవిలోనే ఎక్కువమంది ఆపరేషనుకు సిద్ధపడతారు. ఆ రెండు నెలలూ జిల్లాలో ఆపరేషను బల్ల ఖాళీగా ఉండకుండా, మత్తు డాక్టరు వేరే విభాగాలకు పోకుండా చూడవలసి ఉన్నది. కళాశాలలు తమ విభాగాలలో పడకలెన్ని, అధ్యాపకులెందరు అన్నది ఎప్పటికప్పుడు పైకి నివేదిస్తాయి. ఈ వేసవిలో ఎన్ని కర్ణభేరులకు మాసిక వేశారు, ఎందరిని కోఠీకి పంపారు అన్న రెండు అంకెలు కూడా ఆసుపత్రి గోడ మీద రాస్తే రైలెక్కాలో వద్దో రోగి తానే నిర్ణయించుకుంటాడు.